మాండొలిన్ శ్రీనివాస్ ధ్వనిముద్రణలు: చిరకాల ఆదరణ – విమర్శనాత్మక పరిశీలన

వ్యాససంగ్రహం

పశ్చిమగోదావరి జిల్లా పాలకొల్లులో జన్మించిన ఉప్పలపు శ్రీనివాస్ (1969–2014) మాండొలిన్‌ను కర్ణాటక సంగీత కచేరీలో ప్రధానవాద్యంగా నిలబెట్టిన విద్వాంసుడు. ఆయన మరణించి దశాబ్దం గడిచినా ఆయన ధ్వనిముద్రణలు శ్రోతలను ఆకర్షిస్తూనే ఉన్నాయి. ఈ ఆదరణ కేవలం గతాన్ని తలచుకోవడంవల్ల కలిగినది కాదని ఈ వ్యాసం ప్రతిపాదిస్తుంది. వాద్యస్వభావం, గురువు బోధించిన పద్ధతి, తెలుగు శ్రోతకు కృతుల సాహిత్యంతో ఉన్న సాన్నిహిత్యం, సభలకు దూరంగా ఉన్న ప్రాంతాల శ్రవణానుభవం దీనికి కారణాలని వివరిస్తుంది. ధ్వనిముద్రణ వెలుపల మిగిలిపోయిన కళాకారుల సమస్యను కూడా చర్చిస్తుంది.

కీలకపదాలు: మాండొలిన్ శ్రీనివాస్, ధ్వనిముద్రణ, కర్ణాటక సంగీతం, గమకం, మనోధర్మం, ద్వారం వెంకటస్వామినాయుడు, పాలకొల్లు, చింతలపూడి.

1. ప్రవేశిక

కర్ణాటక సంగీతం గురుముఖంగా నేర్చుకొని సభాముఖంగా వినిపించవలసిన విద్య. కృతికి పాఠం ఉంటుంది. రాగాలాపనకు, స్వరకల్పనకు ముందుగా రాసిపెట్టుకున్న పాఠం ఉండదు. అవి ఆ పూట, ఆ పక్కవాద్యాలతో, ఆ శ్రోతల ఎదుట పుట్టి అక్కడే ముగిసేవి. అటువంటి విద్యను యంత్రంలో బంధించినపుడు దాని సారం నిలుస్తుందా అన్నది ధ్వనిముద్రణ వచ్చిన నాటినుంచి ఉన్న ప్రశ్న. యంత్రసహాయంతో ప్రతులు తీసినపుడు కళాఖండం తన దేశకాలాలకు చెందిన ఏకైక సన్నిధిని కోల్పోతుందని జర్మన్ తాత్త్వికుడు వాల్టర్ బెన్యమిన్ 1936లో ప్రచురించిన వ్యాసంలో వాదించాడు. ఆ వాదం పూర్తిగా నిజమైతే పాత రికార్డులు నేటికీ ఇంత ఆత్మీయంగా ఎందుకు వినబడుతున్నాయన్నది తేలవలసిన విషయం. శ్రీనివాస్ ధ్వనిముద్రణలు ఈ చర్చకు తగిన ఉదాహరణ.

2. మూడు నిమిషాల పలక నుంచి క్యాసెట్ వరకు

భారతదేశంలో గ్రామఫోన్ ముద్రణలు 1902లో కలకత్తాలో గౌహర్ జాన్ పాటలతో ఊపందుకున్నాయి. నాటి పలకకు ఒక వైపున సుమారు మూడు నిమిషాల సంగీతమే పట్టేది. కచేరీలో విస్తారంగా సాగే రాగాన్ని అంత చిన్న వ్యవధిలో ఇమడ్చడం విద్వాంసులకు కొత్త పరీక్ష. వయొలిన్ విద్వాంసులు ద్వారం వెంకటస్వామినాయుడు (1893–1964) ఆ పరీక్షను ఎదుర్కొన్న తరానికి చెందినవారు. 1919లో విజయనగరం మహారాజా సంగీత కళాశాలలో ఆచార్యులుగా చేరి, 1936లో ప్రధానాచార్యులై, 1941లో సంగీత కళానిధి బిరుదు పొందిన ఆయన, పాశ్చాత్య వాద్యమైన వయొలిన్‌ను పక్కవాద్యంగానే కాక ఏకవాద్యంగా కూడా నిలబెట్టారు. ఆ కాలపు పలకలో ఉపరితలపు గరగర వినిపిస్తుంది, నాదపు పై అంచు తెగిపోతుంది. అయినా కమాను ఒత్తిడిలోని నిబ్బరం, ఒక స్వరం నుంచి మరొక స్వరానికి జారే తీరు తెలుస్తూనే ఉంటాయి. వ్యవధి తక్కువ కావడంవల్ల అనవసరమైన అలంకారానికి చోటు లేకపోయింది. పరిమితి వల్ల కలిగిన ఈ సాంద్రతే ఆ తరం పలకల బలం.

శ్రీనివాస్ క్యాసెట్ తరానికి చెందినవాడు. 1978లో గుడివాడలో త్యాగరాజ ఆరాధనోత్సవ సందర్భంగా తొలి కచేరీ చేసినపుడు ఆయన వయసు తొమ్మిదేళ్ళు. 1981లో మద్రాసులో ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ వేదికపై వాయించాడు. అదే కాలంలో దేశమంతటా క్యాసెట్ చౌకగా వ్యాపించింది. ఒక ప్రధాన కృతిని ఆలాపన, స్వరకల్పన, తని ఆవర్తనాలతో సహా వినిపించగల వెసులుబాటు దానికి ఉంది. ద్వారం వారి పలకలో రాగపు సంగ్రహరూపం దొరికితే, శ్రీనివాస్ క్యాసెట్‌లో కచేరీ నడక దొరికింది.

3. వాద్యస్వభావం: విద్యుత్తుతో పుట్టిన నాదం

మాండొలిన్‌కు సాధారణంగా జంటలుగా అమర్చిన ఎనిమిది తీగలు ఉంటాయి. మెట్లున్న ఆ వాద్యంలో మీటిన స్వరం త్వరగా ఆరిపోతుంది. కర్ణాటక సంగీతంలో స్వరం ఒక బిందువు కాదు, చలనం. ఊపు, జారు, కంపనం లేకపోతే రాగస్వరూపమే ఏర్పడదు. శ్రీనివాస్ జంట తీగలను వదిలి ఒంటి తీగలను, నాలుగింటికి బదులు ఐదింటిని అమర్చిన విద్యుత్ మాండొలిన్‌ను ఎంచుకున్నాడు. ఒంటి తీగను వేలితో లాగడం, జార్చడం సులభం. విద్యుత్ సాధనం వల్ల స్వరం మరికొంతసేపు నిలుస్తుంది. ఆ నిలుకడలోనే గమకానికి వ్యవధి చిక్కింది.

ఈ మార్పుకు ధ్వనిముద్రణ దృష్ట్యా ఒక విశేష ఫలితం ఉంది. వీణ కుండ నుంచి, వయొలిన్ చెక్క నుంచి వెలువడే నాదం శ్రోతను నేరుగా చేరగలదు. రికార్డులో వినేది దాని ఛాయ. విద్యుత్ మాండొలిన్ విషయంలో పరిస్థితి వేరు. సభలో ముందు వరుసలో కూర్చున్న శ్రోత సైతం ఆ నాదాన్ని ప్రధానంగా లౌడ్‌స్పీకర్ ద్వారానే విన్నాడు. కాబట్టి మూలానికీ ప్రతికీ మధ్య దూరం ఇక్కడ తక్కువ. బెన్యమిన్ చెప్పిన సన్నిధిలో కొంత భాగం నాదానికి, కొంత భాగం సందర్భానికి చెందినదని విభజించి చూస్తే, శ్రీనివాస్ ముద్రణలలో సందర్భం పోయినా నాదం పెద్దగా నష్టపోలేదని గ్రహించవచ్చు.

4. వినిపించని గురుకంఠం, వినిపించే సాహిత్యం

శ్రీనివాస్ తండ్రి సత్యనారాయణ క్లారినెట్ వాద్యకారుడు. ఇంట్లో ఉన్న తండ్రి మాండొలిన్‌నే బాలుడు పట్టుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు చెంబై వైద్యనాథ భాగవతార్ శిష్యుడు, గాత్రజ్ఞుడు. ఆయనకు మాండొలిన్ వాదనం రాదు. ఆయన పాడితే శిష్యుడు దానిని తీగలపై పలికించేవాడు. వేళ్ళను అనుకరించే అవకాశం లేనపుడు శిష్యుడు అనుకరించవలసింది కంఠాన్నే. ఏ అక్షరం దగ్గర ఆగాలో, ఏ మాటను సాగదీయాలో, ఎక్కడ ఊపిరి తీసుకోవాలో కంఠం నేర్పుతుంది. శ్రీనివాస్ కృతివాదనంలో కనిపించే పదవిభజనకు మూలం ఈ శిక్షణలో ఉందని భావించవచ్చు.

ఇది తెలుగు శ్రోతకు ప్రత్యేకమైన అనుభవాన్ని ఇస్తుంది. త్యాగరాజ కృతుల సాహిత్యం అతనికి మాతృభాష. వాద్యం పల్లవిని ఎత్తుకోగానే మాటలు మనసులో వాటంతట అవే నడుస్తాయి. తీగ మీద సంగతి మారినపుడు మాటకు మరో అర్థచ్ఛాయ తగులుతుంది. 1983లో బెర్లిన్ జాజ్ ఉత్సవంలో విన్న శ్రోతలకు, 1995లో మైకేల్ బ్రూక్‌తో కలిసి చేసిన ‘డ్రీమ్’ ఆల్బమ్‌ను, 2000లో విడుదలైన రిమెంబర్ శక్తి బృందపు ‘ది బిలీవర్’ను విన్న పాశ్చాత్య శ్రోతలకు ఈ ద్వారం తెరచుకోకపోవచ్చు. వారు లయను, వేగాన్ని, నాదకాంతిని ఆస్వాదించారు. ఒకే కళాకారుని ముద్రణలు రెండు శ్రోతృసమాజాలలో రెండు వేర్వేరు కారణాలతో నిలిచాయి. ఒకరిది శుద్ధనాదానుభవం, మరొకరిది మౌనంగా నడిచే సాహిత్యంతో కూడిన నాదానుభవం. వీటిలో ఏదీ తక్కువది కాదు. కానీ రెండింటినీ ఒకటిగా చూసే విమర్శ తెలుగు శ్రోత అనుభవాన్ని పట్టించుకోనట్లవుతుంది.

5. సభకు దూరమైన శ్రోత

రికార్డు కచేరీకి ప్రత్యామ్నాయమని సాధారణంగా చెబుతారు. కచేరీకి వెళ్ళే అలవాటున్న నగరవాసి విషయంలోనే ఈ మాట వర్తిస్తుంది. ఏలూరు, విజయవాడ, రాజమహేంద్రవరం వంటి చోట్ల సభాసంప్రదాయం ఉంది. మెట్టప్రాంతంలో, తెలంగాణ సరిహద్దుకు సమీపంలో ఉన్న చింతలపూడి వంటి పట్టణాలకూ కొల్లేటి తీరపు లంకగ్రామాలకూ పెద్ద విద్వాంసుల కచేరీలు అరుదు. 1948 డిసెంబరు 1న ప్రారంభమైన ఆకాశవాణి విజయవాడ కేంద్రం, తరువాత క్యాసెట్ ఇటువంటి ప్రాంతాలకు శాస్త్రీయ సంగీతాన్ని చేర్చే ప్రధాన మార్గాలయ్యాయి. ఇక్కడి శ్రోతకు రికార్డు మరొకదానికి నకలు కాదు. అతనికి తెలిసిన కచేరీ అదే.

పాలకొల్లు, చింతలపూడి ఒకప్పుడు ఉమ్మడి పశ్చిమగోదావరి జిల్లాలోని రెండు కొసలు. 2022 ఏప్రిల్ 4న జరిగిన పునర్విభజనతో చింతలపూడి ఏలూరు జిల్లాలోకి వచ్చింది, పాలకొల్లు పశ్చిమగోదావరిలోనే ఉంది. డెల్టాలో పుట్టిన వాద్యకారుడు మద్రాసులో స్థిరపడి, ప్రపంచమంతా తిరిగి, మెట్టలోని శ్రోతను క్యాసెట్ రూపంలో చేరడం ధ్వనిముద్రణ సాధించిన సాంస్కృతిక ప్రయోజనం. ‘మన వైపువాడు’ అనే అభిమానం ఈ ఆదరణలో ఉంది. అయితే ఆ అభిమానం మొదటిసారి వినడానికి కారణం కాగలదేమో కాని, నూరోసారి వినడానికి చాలదు.

6. స్థిరపడిన మనోధర్మం

నూరోసారి వినడం దగ్గరే అసలు చిక్కు ఉంది. ఆలాపన సహజంగా ఊహించరానిది. పదేపదే విన్న శ్రోతకు తరువాతి సంచారం ముందే తెలిసిపోతుంది. అప్పుడు మనోధర్మం కృతివలె స్థిరరూపం పొందుతుంది. నేర్చుకునే విద్యార్థి ఆ ఆలాపనను యథాతథంగా వల్లెవేస్తే గురువు చూపిన దారి అలాగే ఉండి, నడిచే శక్తి మాత్రం అలవడదు. రికార్డుపై ఉన్న ప్రధానమైన ఆక్షేపణ ఇదే. దీనిని తోసిపుచ్చలేము.

ఒకే విద్వాంసుని వేర్వేరు కాలాల ముద్రణలను పోల్చి వినడం దీనికి సమాధానం. పాశ్చాత్య సంగీతంలో కెనడా పియానో విద్వాంసుడు గ్లెన్ గూల్డ్ బాఖ్ రచించిన ‘గోల్డ్‌బెర్గ్ వేరియేషన్స్’ను 1955లో ఒకసారి, 1981లో మరొకసారి రికార్డు చేశాడు. మొదటిది సుమారు 38 నిమిషాలు, రెండవది సుమారు 51 నిమిషాలు. కొన్ని భాగాలను రెండవసారి వాయించడం కూడా ఈ తేడాకు ఒక కారణమే అయినా, యౌవనపు దూకుడుకూ పరిణత చింతనకూ మధ్య వ్యత్యాసం స్పష్టం. శ్రీనివాస్ బాల్యపు క్యాసెట్లనూ తరువాతి ముద్రణలనూ పక్కపక్కన విన్నవారికి ఇటువంటి ప్రయాణమే కనిపిస్తుంది. తొలినాళ్ళ వేగంలో వాద్యాన్ని జయించిన ఉత్సాహం ఉంది. తరువాతి విళంబంలో స్వరాన్ని వదిలి దాని చివరి కంపనాన్ని విననిచ్చే ఓర్పు ఉంది. ఒక్క రికార్డు మనోధర్మాన్ని గడ్డకట్టించవచ్చు, పలు రికార్డులు కలిసి దాని కదలికను చూపుతాయి.

7. అకాలమరణం: విమర్శకు పరీక్ష

శ్రీనివాస్ 2014 సెప్టెంబరు 19న, 45 ఏళ్ళ వయసులో చెన్నైలో మరణించాడు. అప్పటినుంచి ఆయన ముద్రణలను శ్రోతలు మునుపటిలా వినలేకపోతున్నారు. రుమేనియా పియానో విద్వాంసుడు దిను లిపాట్టి 33 ఏళ్ళకే మరణించాడు. 1950 సెప్టెంబరులో బెజాన్సాన్‌లో చేసిన చివరి కచేరీలో నీరసంవల్ల షోపాన్ వాల్ట్జులలో ఆఖరిదానిని వాయించలేకపోయాడు. ఆ రికార్డును వినేవారు వాయించిన సంగీతంతో పాటు వాయించని ఆ భాగాన్ని కూడా వింటారు. సానుభూతి వినికిడిని పదునెక్కిస్తుంది, విచక్షణను మొద్దుబార్చగలదు కూడా. శ్రీనివాస్ ముద్రణలన్నీ ఒకే స్థాయివని చెప్పడం ఆయనకు గౌరవం కాదు. వేగం రాగభావాన్ని దాటిపోయిన సందర్భాలను గుర్తించినపుడే, రాగం తానై నిలిచిన సందర్భాల విలువ తెలుస్తుంది.

8. ధ్వనిముద్రణ వెలుపల మిగిలినవారు

రికార్డు జ్ఞాపకాన్ని కాపాడుతూనే జ్ఞాపకాన్ని వడపోస్తుంది. శిష్యుని నాదం ఇంటింటికీ చేరింది. దాని వెనుక ఉన్న గురుకంఠం శ్రోతల ఊహలోనే మిగిలింది. గోదావరి, కృష్ణా డెల్టాలలో పెళ్ళిళ్ళలో, ఆలయోత్సవాలలో సన్నాయి, డోలు, క్లారినెట్ వాయించినవారిలో పలకకు ఎక్కినవారు కొద్దిమంది. సన్నాయి మేళానికి బదులు రికార్డు పెట్టే పెళ్ళిపందిరిలో ప్రసిద్ధ విద్వాంసుని నాదం స్థానిక వాద్యకారుని జీవికకు పోటీగా నిలుస్తుంది. ఇది విద్వాంసుని దోషం కాదు. అయినా ధ్వనిముద్రణల ఆకర్షణను కీర్తించే విమర్శ ఈ మూల్యాన్ని కూడా లెక్కించాలి.

మరొక లోపం వివరాల విషయంలో ఉంది. నేడు చేతులు మారుతున్న అనేక పాత ముద్రణలకు తేదీ, స్థలం, పక్కవాద్యకారుల పేర్లు ఉండటం లేదు. వయొలిన్, మృదంగం, ఘటం వాయించినవారు పేరులేని నాదాలుగా మారుతున్నారు. కాలం తెలియని రికార్డుతో పైన చెప్పిన తులనాత్మక శ్రవణం సాధ్యపడదు. స్థలం తెలియకపోతే సందర్భం తిరిగి అందదు.

9. ముగింపు

శ్రీనివాస్ ధ్వనిముద్రణల చిరకాల ఆదరణకు కారణాలు స్థూలంగా నాలుగు. విద్యుత్ వాద్యం కావడంవల్ల నాదం రికార్డులో పెద్దగా క్షీణించకపోవడం, గాత్రమూలమైన శిక్షణవల్ల వాదనంలో మాట ధ్వనించడం, ఆ మాట తెలుగు శ్రోతకు సొంతం కావడం, సభలు లేని చోట రికార్డే కచేరీ కావడం. పలు దశల ముద్రణలు లభించడంవల్ల కళాకారుని పరిణామం కూడా అధ్యయనానికి అందుతున్నది. ఈ ఆదరణ పరిశోధకులపై ఒక బాధ్యతను ఉంచుతుంది. ఆకాశవాణి నిధులలోను, వ్యక్తుల వద్ద ఉన్న క్యాసెట్లలోను మిగిలిన నాదాన్ని తేదీలతో, పక్కవాద్యకారుల పేర్లతో సహా నమోదు చేయాలి. అయస్కాంతపు టేపు ఏటేటా పాతబడుతున్నది. ఆ కచేరీలను విన్నవారి జ్ఞాపకాలు సజీవంగా ఉన్నప్పుడే ఈ పని జరగాలి. టేపు చెడిపోకముందు నాదాన్ని భద్రపరచవచ్చు. మృదంగం వాయించింది ఎవరో చెప్పగలిగిన చివరి మనిషి లేకపోయాక ఆ పేరును మాత్రం ఏ యంత్రమూ తిరిగి ఇవ్వలేదు.