బలిదానం: ఇచ్చిందెవరు, తీసుకున్నదెవరు?

దళిత మృతుల సంస్మరణ సభల్లో, కరపత్రాల్లో 'బలిదానం' అనే మాట తరచుగా వినబడుతోంది. గౌరవంతోనే వాడుతున్నారు, కాదనం. అయినా ఈ మాట ఎవరి పని చేసిపెడుతోందో చూడాలంటున్నాం.

దానమంటే దాత ఉండాలి. ఇవ్వనని చెప్పే వీలు అతనికుండాలి. 1952 అక్టోబర్ 19న నిరాహారదీక్షకు కూచున్న పొట్టి శ్రీరాములు డిసెంబర్ 15న చనిపోయారు. దాన్ని ఆత్మార్పణ అంటే అర్థముంది. దీక్ష పట్టింది ఆయనే, విరమించే వీలూ ఆయనదే. 1991 ఆగస్టు 6న చుండూరులో హతులైన ఎనిమిదిమంది దళితులు ఏ దీక్ష పట్టారు? పొలాల్లో వెంటాడి చంపి, శవాల్ని గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. ఇక్కడ ఇచ్చినోడు లేడు, తీసుకున్నోళ్లే ఉన్నారు.

మన వాడుక భాషకి ఈ తేడా తెలుసు. 'బలిచ్చారు', 'బలి తీసుకున్నారు' అన్నప్పుడు చేసినోడు వాక్యంలో ఉంటాడు. 'బలయ్యారు' అనగానే తప్పుకుంటాడు. 'బలిదానం' దగ్గరికొచ్చేసరికి చచ్చినోడే కర్త అయిపోతాడు. జాతరలో యాట మీద నీళ్లు చల్లుతారు. ఒళ్లు విదిలిస్తే ఒప్పుకుందంటారు, నరుకుతారు. తడిసిన ఏ జీవమైనా విదిలిస్తుంది గదా! బలిదానమనే మాట శవం మీద చల్లే ఆ నీళ్లే.

చుండూరు కేసులో 2007 జూలై 31న ప్రత్యేక కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014 ఏప్రిల్ 22న హైకోర్టు అందర్నీ వదిలేసింది. ఆ తీర్పులో హంతకులు మాయమయ్యారు. మన మాటలో హత్యే మాయమైతే ఇక మిగిలేదేమిటి?

త్యాగమనకపోతే చనిపోయినోళ్లని తక్కువ చేసినట్టు కాదా అని మిత్రులు అడగొచ్చు. చుండూరు దళితులు తమవాళ్లని ఊరి నడుమ పాతిపెట్టి ఆ చోటుని రక్తక్షేత్రం అన్నారు. ఆ పేరులో దానం లేదు, నెత్తురుంది. అది కార్చిందెవరనే ప్రశ్నా ఉంది. 2016 జనవరి 17న రోహిత్ వేముల చనిపోయినప్పుడు విద్యార్థులు దాన్ని సంస్థాగత హత్య అన్నారు. చేసినోణ్ణి మళ్లీ వాక్యంలోకి ఈడ్చుకొచ్చారు.

తెలిసి, తెగించి ఉద్యమంలో ప్రాణమిచ్చినోళ్లూ ఉన్నారు. త్యాగమనే మాట వాళ్లది. చంపబడ్డ ప్రతివాళ్లకీ దాన్ని పంచితే ఇటు వీళ్లకి న్యాయం దక్కదు, అటు వాళ్ల తెగింపుకీ విలువ మిగలదు. కాబట్టి కరపత్రం రాసేటప్పుడు ముందు క్రియ చూడండి, తర్వాత దాని కర్త ఎవరో అడగండి.