పది డప్పులకు ఒకే నడక

డప్పు బృందం కొత్తగా కడితే తొలి పాఠంగా ఏ దెబ్బ పెట్టాలి? పటాన్‌చెరు, ఇస్నాపూర్, సంగారెడ్డి వైపు బోనాల ఊరేగింపు చూసినవాళ్లెవరైనా తీన్మార్ అనే అంటారు. పెళ్లి బరాత్‌లోనూ, వినాయక నిమజ్జనంలోనూ జనాన్ని లేపేది అదే. ఇలాగే అమెరికా బడుల్లో జాజ్ నేర్చుకునే బృందాలకు మొదట్లో రాక్, ఫంక్ నడకల్లో ఉన్న సులువైన బాణీలు ఇస్తారు. జాజ్ పియానిస్ట్ హెర్బీ హ్యాన్‌కాక్ 1973లో తెచ్చిన ‘కమీలియన్’ అలాంటిదే. మళ్లీ మళ్లీ వచ్చే ఒక బాస్ వరస, ప్రధాన భాగంలో రెండే కార్డులు. అది కుదిరితే ఒక్కొక్కరూ ధైర్యంగా సొంత కల్పన మొదలుపెడతారు. మన దగ్గర ఆ పని తీన్మార్ చేస్తుంది.

కుడిచేతిలో పొట్టి సిర్ర, ఎడమచేతిలో సన్నని సిటికెన పుల్ల. భుజానికి వేలాడే డప్పు అంచును పట్టుకున్న ఎడమచెయ్యే పుల్లనూ ఆడించాలి. కొత్తవాళ్లకు చిక్కంతా అక్కడే. తీన్మార్‌ది తిశ్ర నడక, అంటే మూడేసి మాత్రల నడక. సిర్ర బరువైన దెబ్బలు వేస్తే, పుల్ల వాటి నడుమ సందులు నింపుతుంది. వరస చిన్నది కాబట్టి తొందరగానే చేతికొస్తుంది. దాన్ని పరుగెత్తించకుండా పట్టి ఉంచడమే అసలు విద్య. జనం ఊపందుకున్న కొద్దీ చెయ్యి వేగం పెంచబోతుంది. అప్పుడు పక్కవాడి డప్పు వినాలి. సగం మంది నడకను నిలబెడితే, మిగతావాళ్లు దెబ్బ మార్చి, అడుగు కలిపి, ముందున్న పెద్దాయన సైగ చేయగానే ఒక్కసారిగా ఆపుతారు.

వాయించే ముందు డప్పు కాచాలి. ఆషాఢం తేమకు తోలు సడలి గొంతు మందగిస్తుంది. గడ్డిమంట మీద తిప్పుతూ, మధ్యమధ్య వేలితో తట్టి చూస్తారు. తక్కువ కాగితే పలకదు, ఎక్కువ కాగితే తోలు చెడుతుంది. బోల్టులతో బిగించే ఫైబర్ డప్పులకు ఈ శ్రమ లేదు. కానీ కాచిన తోలు పలికే నిండు మోత వాటికి రాదు.

తీన్మార్ డప్పు మీదే కాదు, హైదరాబాద్ ఏసీ గార్డ్స్‌లోని ఆఫ్రికా మూలాల సిద్దీల మర్ఫా వాయిద్యంలోనూ మోగుతుంది. డప్పును మాత్రం తరతరాలుగా కాపాడినవాళ్లు మాదిగలు. చాటింపుకూ చావుకూ జాతరకూ వాళ్లనే పిలిచి, ఆ కళాకారులనే ఊరు దూరం పెట్టింది. తర్వాత డప్పు ఉద్యమాల గొంతయింది. ఉమ్మడి మెదక్ జిల్లా తూప్రాన్‌లో పుట్టిన ప్రజాగాయకుడు గద్దర్ సభల్లోనూ, తెలంగాణ ధూంధాంలలోనూ అది తలెత్తుకు మోగింది.

పటాన్‌చెరు పారిశ్రామిక వాడలో పక్క ఊరివాళ్లూ, బీహార్, ఒడిశాల నుంచి వచ్చినవాళ్లూ ఒకే షిఫ్టులో పనిచేస్తారు. భాష కుదరకపోయినా తీన్మార్‌కు అడుగు కుదురుతుంది. సులువైన దెబ్బ కాబట్టే కొత్తవాడికీ అందులో చోటుంది. దీన్ని ఇక్కడి బడుల్లో సంగీత పాఠంగా పెట్టాలి. నేర్పడానికి డప్పు వాయించే పెద్దమనిషినే గురువుగా పిలవాలి, నెలనెలా జీతం ఇవ్వాలి. పండుగ రోజు చేతిలో పెట్టే బక్షీస్‌తో ఆ విద్య రుణం తీరదు.