అద్భుతకథ, కథాగేయం

1969లో ఇంగ్లండుకు చెందిన రెండు గాయక బృందాల రికార్డులు వెలువడినవి. లెడ్ జెప్పెలిన్ వారి రెండవ సంపుటంలో ‘రాంబుల్ ఆన్’ అనే పాట ఉన్నది. అందులో టోల్కీన్ నవలలోని మోర్డోరు దేశం, గొల్లమ్ పాత్ర కనిపిస్తవి. ఫెయిర్‌పోర్ట్ కన్వెన్షన్ వారి ‘లీజ్ అండ్ లీఫ్’లో ‘టామ్ లిన్’ అనే ప్రాచీన స్కాట్లండు కథాగేయం విద్యుత్ గిటార్ల నడుమ వినిపిస్తుంది. అద్భుతం రెండింటా ఉన్నది. అది చేసే పని మాత్రం ఒకటి కాదు.

టోల్కీన్ ‘ది లార్డ్ ఆఫ్ ది రింగ్స్’ 1954-55లలో వెలువడినా, 1965లో అమెరికాలో చౌక ప్రతులు వచ్చిన పిమ్మటనే విద్యార్థి లోకాన్ని ఊపివేసినది. రాక్ గాయకులూ ఆ తరంవారే. మార్క్ బోలన్ సహచరుడొకడు ఆ నవలలోని పాత్ర పేరే పెట్టుకొని స్టీవ్ పెరెగ్రిన్ టుక్ అయినాడు. స్వీడన్‌లో బో హాన్సన్ 1970లో ఆ కథను మాటలు లేని వాద్యసంగీతంగా మలచినాడు. కెనడాలో రష్ బృందం 1975లో ‘రివెండెల్’ పాడినది. ఈ జాబితాను పెంచడం కష్టం కాదు. కాని నవలనుండి పేరు తెచ్చుకొన్న ప్రతివాడూ కథను తెచ్చుకొన్నాడనలేము.

‘రాంబుల్ ఆన్’ నే తీసుకొందాము. శరత్కాలంలో ఇల్లు విడిచి ప్రేయసికై తిరిగే బాటసారి పాట అది. ఉన్నట్టుండి ఆ ప్రేయసి మోర్డోరులో కలిసినదంటాడు. గొల్లమ్ ఆమెను అపహరించినాడంటాడు. నవలలో మోర్డోరు బూడిద కప్పిన మరుభూమి. గొల్లమ్ ఒక ఉంగరం కోసం కుళ్లిపోయిన దీనజీవి. స్త్రీతో వానికి పనే లేదు. క్షేమేంద్రుడు వింటే ఔచిత్యభంగమని ఒక్క మాటలో తేల్చివేసేవాడు. బాణీలోని హాయి ఈ లోపాన్ని చాలావరకు కప్పివేస్తుందన్నది కూడ నిజమే.

‘టామ్ లిన్’ లో ఇట్టి అతుకు లేదు. రాబర్ట్ బర్న్స్ అందించిన పాఠం 1796లో అచ్చయినది. ఫ్రాన్సిస్ జేమ్స్ చైల్డ్ తన 305 కథాగేయాల సంకలనంలో దీనికి 39వ సంఖ్య ఇచ్చినాడు. దేవకన్యల రాణి వశమైన ప్రియుని గర్భవతియైన జానెట్ నడిరేయి గుర్రంపైనుండి లాగి పట్టుకొంటుంది. అతడు పామవుతాడు, ఎలుగవుతాడు, సింహమవుతాడు, చివరకు కణకణలాడే నిప్పవుతాడు. ఆమె చేతులు విడువదు. మాయను తీసివేస్తే ఇక్కడ కథే మిగలదు. ఆ రూపాలన్నీ ఆమె ప్రేమకు పెట్టిన పరీక్షలే. మన ఆలంకారికుల పరిభాషలో, ‘రాంబుల్ ఆన్’ లో అద్భుతం ఉద్దీపన మాత్రమే, అదియూ బలహీనమైనది. ‘టామ్ లిన్’ లో రసమంతా దానినే ఆశ్రయించి నిలిచినది.

నవల పాటకు పనికిరాదని దీని అర్థం కాదు. టోల్కీన్ నవలలో పాత్రలు దారి నడుస్తూ పాడతవి, స్నానం చేస్తూ పాడతవి, చనిపోయినవారిని సాగనంపుతూ పాడతవి. డోనల్డ్ స్వాన్ ఆ గేయాలకు స్వరాలు కూర్చి 1967లో ప్రకటించినప్పుడు, ‘నమారియే’ కు మాత్రం టోల్కీన్ తానే గ్రెగోరియన్ మఠగానపు ధోరణిలో ఒక బాణీ కూనిరాగం తీసి వినిపించగా స్వాన్ దానినే స్వీకరించినాడు. జానపద గానం తెలిసి వ్రాసిన నవల అది. యువ గాయకులు కొత్తదనుకొని తెచ్చుకొన్నదానిలో సగం వారి ముత్తాతల సొత్తే.

లెడ్ జెప్పెలిన్ వారికి ఈ సంగతి 1971 నాటికి తెలిసివచ్చినట్లున్నది. ‘ది బ్యాటిల్ ఆఫ్ ఎవర్‌మోర్’ లో ఢంకాలు లేవు. మాండొలిన్ మీదనే నడక. ఆర్థరు రాజు గాథలలోని అవలోన్‌ను టోల్కీన్ నల్లరౌతులతో కలిపివేయడం ఇక్కడా కొంత గందరగోళమే. అయినా పాట నిలిచినది, అది రెండు గొంతుల పాట గనుక. రాబర్ట్ ప్లాంట్ యుద్ధకథను చెప్పుతుండగా, ఊరివారిని మేల్కొలిపే చాటింపు గొంతు మరొకటి అడ్డుపడుతుంది. ఆ గొంతు శాండీ డెన్నీది. రెండేళ్లకు మునుపు ‘టామ్ లిన్’ పాడినది ఆమెయే.