నీటి అడుగున మొదటి కాలం

కొల్లేటి లంకల్లో పుట్టినవాళ్లకు నీళ్లంటే జంకు ఉండదు. తాటిదోనె మీద నిలబడి గెడతో నడపడం అక్కడి పిల్లలకు చిన్నప్పుడే అబ్బుతుంది. అయితే ఎంత పెద్ద సరస్సయినా కొల్లేరు లోతైనది కాదు. వేసవిలో చాలాచోట్ల మనిషి లోతు కూడా ఉండదు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చే ఒండ్రుతో నీళ్లు మడ్డిగా ఉంటాయి. 1999 నుంచి అది అభయారణ్యం కూడా. అందుకని స్కూబా డైవింగ్ నేర్చుకోవాలనుకున్న ఏలూరు, తాడేపల్లిగూడెం కుర్రాళ్లు రైలెక్కి విశాఖ వెళ్లి, రుషికొండ దగ్గర సముద్రంలో దిగాలి. లేకపోతే పుదుచ్చేరికో అండమాన్‌కో పోవాలి.

సరదాకు ఒకసారి దిగి రావడం వేరు, పదిమందిని దింపి క్షేమంగా పైకి తేవడమే వృత్తిగా పెట్టుకోవడం వేరు. ఆ రెండో దానికి ఇచ్చే శిక్షణను దగ్గరగా చూస్తే, దాన్ని అల్లిన తీరే ఒక పనితనం అనిపిస్తుంది.

ముందు పరికరం సంగతి. సముద్రంలో పది మీటర్లు దిగితే ఒంటి మీద ఒత్తిడి రెట్టింపవుతుంది, ఇరవై మీటర్లకు మూడింతలు. ఆ ఒత్తిడిలో ఊపిరి తీయాలంటే లోపలికి వచ్చే గాలి కూడా అంతే ఒత్తిడితో రావాలి. 1943లో ఫ్రాన్స్‌లో జాక్ కుస్తో, ఎమిల్ గాన్యా కలిసి తయారుచేసిన రెగ్యులేటర్ చేసే పని అదే. ఇప్పటి రెగ్యులేటర్‌లో ఈ పని రెండు దశల్లో జరుగుతుంది. సిలిండర్‌లో గాలి సుమారు 200 బార్ల దగ్గర ఉంటుంది. మొదటి దశ దాన్ని చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి కంటే ఒక పది బార్లు ఎక్కువ ఉండేలా తగ్గిస్తుంది. నోట్లో పెట్టుకునే రెండో దశలో పల్చటి రబ్బరు పొర ఒకటి ఉంటుంది. మనం ఊపిరి పీల్చగానే ఆ పొర లోపలికి వంగి ఒక మీటను నొక్కుతుంది, కవాటం తెరుచుకుని గాలి వస్తుంది. పీల్చడం ఆపగానే మూసుకుంటుంది.

ఇక్కడి నుంచి లెక్క మొదలవుతుంది. 12 లీటర్ల సిలిండర్‌లో 200 బార్ల గాలి అంటే నేల మీద 2,400 లీటర్లు. నిమిషానికి ఇరవై లీటర్లు పీల్చేవాడికి ఒడ్డున రెండు గంటలు వచ్చే ఆ గాలి పది మీటర్ల లోతులో గంట, ఇరవై మీటర్లలో నలభై నిమిషాలే వస్తుంది. మామూలు డైవర్ ఈ లెక్క తన ఒక్కడికే వేసుకుంటాడు. బృందాన్ని నడిపించే డైవ్‌మాస్టర్ అందరికీ వేస్తాడు. ఎవరు కంగారుగా పీలుస్తున్నారో బుడగలు చూసి పట్టుకుంటాడు, గేజీ 50 బార్లకు పడకముందే అందరినీ పైకి మళ్లిస్తాడు.

ఈ చదువు చెప్పే సంస్థలు కొన్ని ఉన్నాయి. 1966లో అమెరికాలో మొదలైన పాడి (PADI) వాటిలో బాగా తెలిసినది. దాని పద్ధతిలో ఓపెన్ వాటర్, అడ్వాన్స్‌డ్, రెస్క్యూ కోర్సులు దాటాకే డైవ్‌మాస్టర్ మెట్టు. పద్దెనిమిదేళ్లు నిండాలి, వైద్యుడి సంతకం కావాలి. మొదలుపెట్టడానికి 40 డైవ్‌లు, పూర్తిచేయడానికి 60 డైవ్‌లు చిట్టాలో ఉండాలి. 400 మీటర్లు ఆగకుండా ఈదాలి. పావుగంట నీళ్లలో తేలుతూ నిలవాలి, చివరి రెండు నిమిషాలు చేతులు నీళ్లపైకి ఎత్తి ఉంచాలి. అలసిపోయిన డైవర్‌ను వంద మీటర్లు లాక్కుంటూ రావాలి. కాలవల్లో ఈది పెరిగినవాళ్లకు ఇవి అంత బరువు కాదు. అసలు పరీక్ష ఆ తర్వాత వస్తుంది.

ఇరవై నాలుగు నైపుణ్యాలు ఉంటాయి. అవి చేయగలిగితే చాలదు, ఎదుటివాడు చూసి నేర్చుకునేలా చేసి చూపించాలి. ఒక్కోదానికి అయిదు మార్కులు, మొత్తం 120. కనీసం 82 రావాలి, ఏ ఒక్కదానిలోనూ మూడుకు తగ్గకూడదు. సరిగ్గా చేసినా గబగబా చేస్తే అయిదు మార్కులు రావు. సంగీతం గురువు సరళీ స్వరాలను మొదటి కాలంలో పాడి వినిపించినట్టు, ప్రతి కదలికనూ విడదీసి నిదానంగా చూపాలి.

మాస్క్‌లో చేరిన నీళ్లు తీయడమే చూడండి. అనుభవం ఉన్నవాడు ముక్కుతో ఒక్కసారి ఊది క్షణంలో తీసేస్తాడు. డైవ్‌మాస్టర్ అలా చేయకూడదు. ముందు శిష్యుల వైపు తిరిగి తన మాస్క్‌ను వేలితో చూపిస్తాడు. అంచు కాస్త ఎత్తి నీళ్లు రానిస్తాడు, కళ్ల మట్టం దాటేదాకా ఆగుతాడు. ముక్కు నీళ్లలో మునిగి ఉన్నా నోటితో హాయిగా ఊపిరి తీయవచ్చని శిష్యుడికి తెలియాలి కదా, అందుకని రెండు మూడు శ్వాసలు అలాగే నిలుస్తాడు. తర్వాత వేళ్లతో మాస్క్ పై అంచును నుదుటికి అదుముతాడు. ముక్కుతో మెల్లగా ఊదడం మొదలుపెట్టి, ఊదుతూనే ముఖం పైకి ఎత్తుతాడు. గాలి పైకి చేరుతుంది, పై అంచు బిగిసి ఉంది కనుక బయటికి పోలేదు. ముఖం ఎత్తినప్పుడు కింది అంచే పల్లమవుతుంది, నీళ్లు అక్కడి నుంచి జారిపోతాయి. తల ఎత్తడం ముందై ఊదడం వెనకైతే నీళ్లు ముక్కులోకి పోతాయి. కొత్తవాళ్లు బెదిరేది సరిగ్గా అక్కడే. ఆ వరుస శిష్యుడి కంటికి ఆనాలనే ఇంత నిదానం.

ఇంకో పరీక్ష మరీ చిత్రమైనది. ఇద్దరు అభ్యర్థులు నీటి అడుగున మాస్క్‌లు, ఫిన్లు, సిలిండర్ తగిలించిన జాకెట్లు ఒకరివి ఒకరు మార్చుకోవాలి. అంతసేపూ ఊపిరికి ఇద్దరికీ ఒకటే రెగ్యులేటర్. రెండు శ్వాసలు తీసి పక్కవాడికి ఇవ్వాలి. అది తన దగ్గర లేనప్పుడు ఊపిరి బిగపట్టకూడదు, పెదాల మధ్య నుంచి సన్నటి బుడగలు వదులుతూ ఉండాలి. పది మీటర్ల దగ్గర నిండా పీల్చి బిగపట్టి పైకి వస్తే ఊపిరితిత్తుల్లో గాలి రెట్టింపవ్వాలని చూస్తుంది, ఊపిరితిత్తి చిరగవచ్చు. ఇలా సామగ్రి మార్చుకోవడం ఎవరికీ నిజజీవితంలో అవసరపడదు. కళ్లు కనబడక, ఊపిరి తన చేతిలో లేక ఉన్న వేళ మనిషి తోటివాడిని గుర్తుపెట్టుకుంటాడా లేదా అన్నదే ఇక్కడ చూసేది. ఇంతకన్నా తెలివైన పరీక్ష నాకు కనబడలేదు.

బరువుల లెక్కలోనూ ఇంతే శ్రద్ధ. ఉప్పునీళ్లు మంచినీళ్ల కంటే సుమారు రెండున్నర శాతం బరువు. సామగ్రితో కలిపి వంద కిలోలు తూగే మనిషి ఈతకొలనులో సరిచూసుకున్న సీసపు బరువుతోనే సముద్రంలోకి వెళితే మునగడు. ఇంకో రెండున్నర కిలోలు కావాలి. శిష్యుడు అడగకముందే డైవ్‌మాస్టర్ ఆ బరువు చేతిలో పట్టుకుని ఉంటాడు.

ఇన్‌స్ట్రక్టర్ కావాలంటే వంద డైవ్‌లు ఉండాలి, డైవర్ అయి ఆరు నెలలు గడిచి ఉండాలి. ఆ శిక్షణలో తోటి అభ్యర్థులే శిష్యులుగా నటిస్తారు. ఎవరు ఏ తప్పు చేయాలో శిక్షకుడు వాళ్లకు ముందే రహస్యంగా చెప్పి ఉంచుతాడు. ఒకడు మాస్క్ తీసినప్పుడు ఊపిరి బిగపడతాడు, ఇంకొకడు పైకి తేలిపోతాడు. పాఠం చెబుతున్నవాడు దాన్ని పసిగట్టి, వెంటనే దిద్ది, మళ్లీ చేయించాలి. చివరి పరీక్ష పెట్టేది పాఠం చెప్పినవాళ్లు కాదు, సంస్థ పంపిన పరీక్షకుడు. నెగ్గాక కూడా ఓపెన్ వాటర్ పాఠంలో ఒక్క ఇన్‌స్ట్రక్టర్‌కు సముద్రంలో ఎనిమిదిమంది శిష్యులే హద్దు. నీళ్లు మసకగా ఉంటే ఆ సంఖ్య ఇంకా తగ్గించుకోవాలి. మన తీరంలో తరచూ మసకే.

గోదావరి జిల్లాల్లో డైవర్ అనగానే కచ్చులూరు గుర్తొస్తుంది. 2019 సెప్టెంబర్ 15న అక్కడ గోదావరిలో మునిగిన పర్యాటక పడవను అక్టోబర్ 22న ధర్మాడి సత్యం బృందం బయటికి తీసింది. విశాఖ డైవర్లు లోపలికి దిగి తాళ్లు బిగించారు. అది మరో వృత్తి, దాని శిక్షణ వేరు. డైవ్‌మాస్టర్ కార్డు చూపించి అలాంటి పనికి ఎవరూ దిగకూడదు.

సెలవుల్లో రుషికొండ వెళ్లి నీళ్లలోకి దిగాలనుకుంటే, పాఠం చెప్పేవారి కార్డు ముందు అడిగి చూడండి. ఇన్‌స్ట్రక్టర్ సభ్యత్వాన్ని ఏటా పునరుద్ధరించుకోవాలి, ఈ ఏడాదికి అది చెల్లుతోందో లేదో కనుక్కోండి. ఇంత శిక్షణ దాటి వచ్చినవారు ఆ ప్రశ్నకు నొచ్చుకోరు.