ఆసనం ఉన్నదే కథెడ్రల్

గోపురం కాస్త ఎత్తుగా కనిపిస్తే చాలు, ఆ చర్చిని కథెడ్రల్ అనేయడం చింతలపూడి, తాడేపల్లిగూడెం వైపు కూడా మామూలైపోయింది. నిజానికి ఆ మాటకు ఎత్తుతోనూ వైశాల్యంతోనూ పని లేదు. గ్రీకులో కథెడ్రా అంటే కూర్చునే ఆసనం. బిషప్ పీఠం ఏ చర్చిలో ఉంటే అదే కథెడ్రల్. పూర్వం గురువు కూర్చుని బోధించేవాడు. కొండమీద ప్రసంగానికి ముందు యేసు కూర్చున్నాడని మత్తయి ప్రత్యేకించి రాశాడు. కాబట్టి బలిపీఠం దగ్గర, మెట్టు ఎత్తున కనిపించే ఆ కుర్చీ ముందుగా బోధకు గుర్తు. మెదక్ చర్చినే చూడండి. 175 అడుగుల గోపురంతో 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగింది. అది బిషప్ పీఠమైంది మాత్రం 1947లో, దక్షిణ ఇండియా సంఘం ఏర్పడ్డాక. ఈ మధ్యలో గోపురం అంగుళం పెరగలేదు. 2022లో భీమవరం జిల్లా కేంద్రమైనప్పుడు కూడా ఊరు రాత్రికి రాత్రే పెరగలేదు కదా! ఏలూరు కతోలిక మేత్రాసనం, అంటే బిషప్ పాలనా ప్రాంతం, విజయవాడ నుంచి విడివడింది 1976లో. అంతకుముందు ఏలూరులో కతోలికులు ఎంత పెద్ద గుడి కట్టినా అది విచారణ (పారిష్) గుడే అయ్యేది. కొల్లేటి లంకలో చిన్న గుడికి పీఠాన్నిస్తే అదే కథెడ్రల్.

జనం వాడిందే అర్థమవుతుంది, పాత గ్రీకు మనకెందుకని అడగవచ్చు. కానీ జనం నోట ఈ అర్థం ఇంకా బతికే ఉంది: బిషప్పును పీఠాధిపతి అంటున్నాం, మేత్రాసనంలోనే ఆసనం ఉంది. ఇంతకన్నా బరువైన అభ్యంతరం మరొకటుంది. కుర్చీని పట్టుకుని గుడికి పేరు పెడితే, విశ్వాసుల కన్నా అధికారాన్ని పెద్ద చేసినట్టు కాదా? పీఠం పెత్తనంగా మారిన సందర్భాలు సంఘ చరిత్రలో ఉన్నాయి, కాదనను. అయితే దోర్నకల్ సంగతి చూడాలి. తెల్లవాళ్లు ఏలుతున్న 1912లో వేదనాయకం శామ్యూల్ అజరయ్య ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్‌గా ఆ పీఠం ఎక్కారు. ఆయన సంఘంలో ఎక్కువమంది మాల, మాదిగలు. ఊరి పెద్దల ఎదుట మంచమ్మీద కూర్చోనివ్వని వాళ్లు. గుమ్మటాలు, మినార్లు, మండపాల తీరు స్తంభాలు కలగలిసిన ఆయన కథెడ్రల్ 1939 జనవరి 6న గానీ ప్రతిష్ఠకు రాలేదు. పీఠం ముందొచ్చింది, కట్టడం ఇరవై ఆరేళ్లు ఆలస్యంగా వచ్చింది. ఆ జనానికి బోధకుడిగా తమ దేశస్థుడే ఆసనం మీద కూర్చోవడం ఏ గోపురం కన్నా పెద్ద సంగతి.