ఎత్తకుండానే లెక్కగట్టే బలం

రాయలసీమ పల్లెల్లో మొనగాడెవరో తేల్చాలంటే రాతి గుండు ముందు నిలబడాల్సిందే. గుండు బరువు మారదు. లేస్తే లేచినట్టు, లేకుంటే లేదు. నడుము పట్టేస్తే ఆ ఏడాది సేద్యం కూడా పోయినట్టే. రాడ్డు, ప్లేట్లు వచ్చాక ఈ అవస్థ తప్పింది. ఒక్కసారి మాత్రమే ఎత్తగల గరిష్ఠ బరువును, అంటే వన్ రెప్ మ్యాక్స్‌ను, రోజువారీ సెట్టు నుంచే అంచనా కట్టొచ్చు.

బెంచ్ ప్రెస్‌లో 60 కిలోలు ఐదుసార్లు లేపారనుకుందాం. అమెరికా కోచ్ బోయ్డ్ ఎప్లీ సూత్రం ప్రకారం, బరువును ఎన్నిసార్లు ఎత్తామో దానితో గుణించి, 30తో భాగించి, వచ్చినదాన్ని బరువుకు కలపాలి: 70 కిలోలు. మరో కోచ్ మ్యాట్ బ్రిజికీ లెక్కలో బరువును 36తో గుణించి, 37లోంచి రెప్స్ (ఎత్తిన సార్లు) తీసేస్తే మిగిలే సంఖ్యతో భాగించాలి: 67.5. పదిసార్ల దగ్గర రెండూ ఒకటే చెబుతాయి. నేనైతే తక్కువ అంకెనే నమ్మమంటాను.

లెక్క సులువే. సెట్టు నిజాయితీగా ఉండటమే కష్టం. ఒళ్లు బాగా వేడెక్కాలి, పక్కన పట్టుకునే మనిషి ఉండాలి, ఛాతీ మీద రాడ్డును ఎగరేయకూడదు. భంగిమ చెడిన రెప్పును లెక్కలోంచి తీసేయాలి. మూడు నుంచి ఐదు రెప్స్‌లో అలసిపోయే బరువైతే అంచనా దగ్గరగా వస్తుంది. పది దాటితే బలం కన్నా ఓర్పే ఎక్కువ బయటపడుతుంది. ఉదాహరణకు, రాయలసీమలో వేరుశనగ పండే ఓబులదేవరచెరువులో పొద్దస్తమానం మూటలు మోసే హమాలీ తేలికపాటి బరువును ఇరవైసార్లు లేపగలడు. దాన్నిబట్టి అతని గరిష్ఠ బరువు లెక్కిస్తే సూత్రం ఉన్నదానికన్నా ఎక్కువ చూపిస్తుంది.

స్నాచ్, క్లీన్ అండ్ జెర్క్‌లకు ఈ సూత్రాలు అంతగా పనికిరావు. అక్కడ కండ అలిసేలోపే నేర్పు తడబడుతుంది. 2000 సిడ్నీ ఒలింపిక్స్ 69 కిలోల విభాగంలో శ్రీకాకుళం జిల్లా బిడ్డ కరణం మల్లీశ్వరి స్నాచ్‌లో 110, జెర్క్‌లో 130 ఎత్తి, ఆఖరి ప్రయత్నానికి 137.5 అడిగారు. అది నిలిచి ఉంటే స్వర్ణమే. నిలవలేదు, 240తో కాంస్యం వచ్చింది. స్వర్ణానికి తేడా 2.5 కిలోలు. ఒలింపిక్ వేదిక మీద ఆ తెగింపు సబబే, ఆ ధైర్యానికి చేతులెత్తి మొక్కాలి. సాధనలో మాత్రం వారం వారం గరిష్ఠ బరువుతో తలపడాల్సిన పని లేదు.

కదిరిలోనో హిందూపురంలోనో కొత్తగా జిమ్‌లో చేరిన కుర్రాడికి కోచ్ మొదట నేర్పాల్సింది ఈ లెక్కే. అతనూ 60 కిలోలు ఐదుసార్లు లేపితే, 67.5 అంచనాలో 80 శాతం 54. ప్లేట్లతో సర్దితే 55 కిలోలు, అతని సాధన బరువు అదే. తేదీ, బరువు, రెప్స్ నోటుపుస్తకంలో రాసుకోవాలి. నెలా రెండు నెలలకు అదే 60 కిలోలు ఏడుసార్లు లేస్తే, బ్రిజికీ లెక్కన గరిష్ఠం 72 అయినట్టు. అప్పుడు సాధన బరువును 57.5కు పెంచుకోవచ్చు.