ఉసిరికాయంత సున్నుండ

దిల్‌సుఖ్‌నగర్ మెట్రో మెట్లు దిగుతుంటేనే జిలేబీ వాసన కొడుతుంది. సాయంత్రం ఆరింటికి, మధ్యాహ్నం తిన్నది ఎప్పుడో అరిగిపోయాక, ఆ వాసన దాటడం నావల్ల అయ్యేది కాదు. వంద గ్రాములు పొట్లం కట్టించుకుని బండి పక్కనే నిలబడి తినేవాణ్ని. ఒకరోజు ఇంటికొచ్చి వేలు పొడుచుకుంటే షుగర్ మీటరు 236 చూపించింది. మీటరు పాడైందేమోనని మా ఆవిడ వేలూ పొడిచాను. 104. ఆమె అన్న మాటలు ఇక్కడ రాయలేను.

తీపి మానలేదు, వేళ మార్చాను. ఖాళీ కడుపులో మైదా, పాకం పడితే చక్కెర ఆగకుండా రక్తంలోకి ఎక్కేస్తుంది. అదే పప్పు, కూర బాగా తిని, అన్నం రెండు ముద్దలు తగ్గించి, చివర్న ఒక్క సున్నుండ తింటే నిదానంగా ఎక్కుతుంది. పీచు, మాంసకృత్తులు, నెయ్యి అరుగుదలను సాగదీస్తాయి.

సున్నుండలు ఎల్బీనగర్‌లో ఉండే మా అక్కయ్య చేస్తుంది. పొట్టు మినుములు కమ్మటి వాసన వచ్చేదాకా సన్నసెగ మీద వేయిస్తుంది, పిండి కాస్త బరకగా ఉండాలంటుంది. నిమ్మకాయంత ఉండను సగానికి విరిస్తే పొడి రాలిపోతుంది, ఆ పొడి వదలబుద్ధి కాదు, మిగతా సగం కూడా నోట్లోకే పోతుంది. అందుకే ఉసిరికాయంత చెయ్యమన్నాను.

“బెల్లమే కదరా, ఏం కాదు” అంటుంది. బెల్లమైనా పంచదారైనా మీటరుకు ఒకటే. ‘షుగర్ ఫ్రీ’ అని అట్ట పెట్టిన ఖర్జూరం బర్ఫీతోనూ ఒకసారి మోసపోయాను. ఖర్జూరం బరువులో మూడింట రెండు వంతులు చక్కెరే! 2023లో వచ్చిన ఐసీఎంఆర్ సర్వే లెక్కన దేశంలో షుగర్ ఉన్నవాళ్లు పది కోట్ల పైమాటే. ఆ అట్టలకు గిరాకీ ఎందుకు తగ్గుతుంది?

మాత్రలు, ఇన్సులిన్ వాడేవాళ్లకు ఇంకో మెలిక. షుగర్ 70 కిందికి జారి చెమటలు పడితే సున్నుండ అక్కరకు రాదు. దాని నిదానమే అప్పుడు చేటు. మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగాలి.

మొన్న ఆదివారం అక్కయ్య ఇంట్లో భోజనమయ్యాక ఒకటి తిన్నాను. ఇరవై లెక్కపెట్టి డబ్బాలో పోసిచ్చింది. తిన్నాక నడిస్తే కండరాలు చక్కెరను లాగేసుకుంటాయి కాబట్టి ఎల్బీనగర్‌లో రైలెక్కకుండా విక్టోరియా మెమోరియల్ స్టేషన్ దాకా నడిచాను. ఇంటికొచ్చి మూత తీస్తే పందొమ్మిదే ఉన్నాయి.